తూము ఎత్తేది ఎవరు? ఫోను తరంగాలు, జన్యు నియంత్రణ, ఒడిశా సరిహద్దు కొండలు

మహేంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఫోను మాట్లాడడానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుంది. ఊరి చివర బండో, మిట్ట మీది చింతచెట్టు నీడో, బడి వెనక అరుగో. పొద్దు వాలేసరికి అక్కడ నలుగురైదుగురు చేరి, ఫోను చెవికి అదిమిపట్టి గొంతెత్తి మాట్లాడుతుంటారు. సూరత్ మగ్గాల దగ్గరున్న కొడుకుతోనో, విశాఖలో చదువుకుంటున్న కూతురితోనో మాట. తెర మీద సిగ్నలు ఒక్క గీత. కొండ దిగి పర్లాకిమిడికో, ఇంకాస్త ఎగువన బరంపురానికో వస్తే గీతలన్నీ నిండుగా ఉంటాయి. కానీ అక్కడ ఎవరైనా మేడ మీద టవరు పెట్టనిస్తే ఇరుగుపొరుగుకు నిద్ర పట్టదు. టవరు నుంచి వచ్చే తరంగాలు పిల్లల జన్యువుల్ని పాడుచేస్తాయన్న మాట ఆ వీధుల్లో గట్టిగా వినిపిస్తుంది.

ఈ భయాన్ని కొట్టిపారేయడం తేలిక. దాని వెనక ఉన్న ప్రశ్న మాత్రం అసలైనదే, శాస్త్రవేత్తలు పాతికేళ్లకు పైగా ప్రయోగశాలల్లో వెతుకుతున్నదే. ఫోను వెదజల్లే రేడియో తరంగాలు మన కణాల్లోని జన్యువుల పనితీరును కదిలించగలవా? కదిలిస్తే, ఆ కదలిక ఎక్కడ ఎక్కువ: టవరు కింద కాపురముండే వాడిలోనా, ఒక్క గీత సిగ్నలుతో అరగంట మాట్లాడే వాడిలోనా?

ముందుగా రెండు మాటలు విడదీయాలి. జన్యువు మారడం వేరు, జన్యువు పని మారడం వేరు. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార గుణుపూర్, కాశీనగర్ల మీదుగా దిగి గొట్టా బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. నీరు ఒకటే. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది కాలువ కాపలా చూసే లస్కరు చేతిలో ఉంటుంది. మడి పండడమైనా ఎండడమైనా ఆ చేతిని బట్టే. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుంది, అందులో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు 20 వేల దాకా ఉంటాయి. కాలేయ కణం కాలేయంగా, కంటి కణం కన్నుగా పని చేయడానికి కారణం ఏ జన్యువు తూము తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నదే. తూములు ఎత్తి దించే ఈ వ్యవస్థకే జన్యు నియంత్రణ అని పేరు. డీఎన్‌ఏకు అతుక్కునే నియంత్రక ప్రోటీన్లు, డీఎన్‌ఏ మీద పడే చిన్న రసాయన గుర్తులు, జన్యువు నుంచి నకలుగా తయారయ్యే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు అన్నీ కలిసి ఈ పని చేస్తాయి.

డీఎన్‌ఏను విరిచే శక్తి ఫోను తరంగానికి ఉందా అన్నది లెక్కతో తేలే విషయం. 1800 మెగాహెర్ట్జ్ తరంగపు ఒక్కో ఫోటానుకు (తరంగం మోసే అతి చిన్న శక్తి పొట్లానికి) ఉన్న శక్తి, అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ఎలక్ట్రాన్ వోల్టులో లక్షకు ఒక వంతు కన్నా తక్కువ. కార్బన్ పరమాణువులను కలిపి ఉంచే బంధాన్ని తెంచాలంటే దానికి దాదాపు 5 లక్షల రెట్లు కావాలి. మన ఒంటి వేడికి అణువులు ఊరికే ఒకదాన్నొకటి గుద్దుకునే శక్తి కూడా ఆ ఫోటాను శక్తికి మూడున్నర వేల రెట్లుంటుంది. ఎక్స్‌రేకి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఉన్న కోత ఫోను తరంగానికి లేదు. రేడియేషన్ అన్న ఒకే మాట అన్నిటికీ వాడుతుండడం వల్ల ఆసుపత్రి ఎక్స్‌రే గది మీద ఉండే భయం ఫోను మీదికీ పాకింది.

అంటే తరంగం నదిని, అదే డీఎన్‌ఏను, మార్చజాలదు. మరి తూమునైనా కదిలించగలదా? దీనికి లెక్క ఒక్కటే చాలదు. తూము కదలడానికి పెద్ద బలం అక్కరలేదు, చిన్న సంకేతం చాలు.

ఆ సంకేతం ఎంత చిన్నదో చూపిన ఉదంతం ఇటలీలో జరిగింది. ఫెరుచ్చో రిటోస్సా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల లార్వాల క్రోమోజోములను పరిశీలిస్తుండేవాడు. ఒకసారి ఎవరో ఆయన ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత పెంచేశారు. మర్నాడు సూక్ష్మదర్శిని కింద చూస్తే క్రోమోజోముల మీద మామూలుగా కనిపించని చోట్ల ఉబ్బులు కనిపించాయి. ఉబ్బు అంటే అక్కడి జన్యువు జోరుగా పని చేస్తోందని గుర్తు. 1962లో ఆయన దీన్ని ప్రచురించాడు. వేడి తగిలిన కణం కొన్ని ప్రత్యేక ప్రోటీన్లను హడావుడిగా తయారు చేసుకుంటుందని తర్వాత తేలింది. వేడికి మెలితిరిగిన ఇతర ప్రోటీన్లను సరిచేయడం వాటి పని. వాటిని ఉష్ణాఘాత ప్రోటీన్లు అంటారు. బాక్టీరియా నుంచి మనిషి దాకా ఈ ఏర్పాటు ఉంది. రాయగడ దగ్గర మే నెల మిట్టమధ్యాహ్నం పొలంలో నిలబడ్డ మనిషి ఒంట్లోనూ ఇదే నడుస్తుంది.

ఫోను తరంగాల చర్చలో ఉష్ణాఘాత జన్యువులు మధ్యలోకి వచ్చింది అందుకే. రేడియో తరంగానికి ఉన్న రుజువైన ప్రభావం ఒక్కటే, కణజాలాన్ని కాస్త వేడెక్కించడం. ఏమాత్రం వేడి లేకుండానే ఈ జన్యువులు మేలుకొన్నాయని ఎవరైనా చూపగలిగితే, తరంగానికి వేడితో సంబంధం లేని మరో దారి ఉన్నట్టే.

2000వ సంవత్సరంలో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ బృందం సరిగ్గా ఆ మాటే ప్రకటించింది. ప్రయోగానికి వాళ్లు ఎంచుకున్నది మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు. ఉష్ణాఘాత జన్యువు తూము తెరుచుకుంటే రంగు ద్వారా తెలిసేలా ఆ పురుగును ముందే మలిచారు. రాత్రంతా 750 మెగాహెర్ట్జ్ తరంగాల మధ్య ఉంచి పొద్దున చూస్తే జన్యువు పని చేసిన గుర్తు కనిపించింది. వేడి వల్ల కాదని వాళ్లు నమ్మారు. వ్యాసం ‘నేచర్’ పత్రికలో వచ్చింది. ఫోనుల మీద అనుమానమున్న ప్రతి ఒక్కరూ ఏళ్ల తరబడి దాన్ని ఉదహరించారు.

ఆ తర్వాత జరిగిందే అసలు చెప్పుకోవలసింది. ఆ బృందమే తన పరికరాన్ని మళ్లీ విప్పి చూసింది. తరంగాలు తగిలిన పురుగుల గిన్నెకూ, తగలని గిన్నెకూ మధ్య ఉష్ణోగ్రతలో 0.2 డిగ్రీల స్వల్ప తేడా ఉందని గుర్తించింది. పరికరం మార్చి ఆ తేడాను తగ్గించేసరికి ప్రభావం మాయమైంది. 2006లో వాళ్లు ‘నేచర్’ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. పేరు తెచ్చిన ఫలితాన్ని తామే ప్రశ్నించి, తామే తప్పని ఒప్పుకున్న ఆ శాస్త్రవేత్తల నిజాయితీకి నమస్కరించాలి. ఈ రంగం మొత్తానికి అదొక కొలబద్ద. 0.2 డిగ్రీల తేడా కనిపెట్టలేని ప్రయోగం ‘వేడి లేకుండానే’ అనే మాట వాడకూడదు.

ఆ 0.2 డిగ్రీలను మన చెవి దగ్గరికి తెచ్చి చూడవచ్చు. శరీరం ఎంత రేడియో శక్తిని పీల్చుకుంటుందో చెప్పే కొలతను ఎస్‌ఏఆర్ అంటారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి ఫోనులకు దీని పరిమితి కిలోకు 1.6 వాట్లు, గ్రాము కణజాలం సగటు మీద. ఈ గరిష్ఠ పరిమితి దగ్గరే ఫోను నిరంతరం పని చేసి, రక్త ప్రసరణ అసలు లేదనుకుంటే, ఆ గ్రాము కణజాలం 0.2 డిగ్రీలు వేడెక్కడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. నిజంగా అయితే పారే రక్తం ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది, పెరుగుదల అంతకన్నా తక్కువ దగ్గర ఆగుతుంది. తెల్లవారుజాముకూ సాయంత్రానికీ మధ్య మన ఒంటి వేడి దానంతటదే అరడిగ్రీకి పైగా మారుతుంది. చాలాసేపు మాట్లాడాక చెవి భగ్గుమంటుందే, అది చాలావరకు బ్యాటరీ వేడి, చెవికి గాలి ఆడకపోవడం.

అయినా అంతటితో తలుపు మూసేయలేం. సులువుగా కొట్టివేయలేని ఫలితాలు కొన్ని ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2007లో, 875 మెగాహెర్ట్జ్ తరంగాలు తగిలిన కొద్ది నిమిషాలకే ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఈఆర్‌కే అనే సంకేత గొలుసు మేలుకుందని ప్రకటించారు. కణం పొరలోని ఒక ఎంజైమ్ నుంచి మొదలై కేంద్రకంలోని జన్యువుల దాకా వార్త మోసే గొలుసు అది. ఫ్రాన్స్‌లో క్లెర్మాంట్ ఫెరాండ్ బృందం టమాటా మొక్కల మీద పని చేసింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 5 వోల్టుల బలమున్న తరంగాల్లో మొక్కను పది నిమిషాలు ఉంచితే, ఆ వెంటనే ఒత్తిడికి స్పందించే జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, ఆకును గాయపరిస్తే పెరిగినట్టే. మొక్కకు కాల్షియం అందకుండా చేస్తే ఆ స్పందన పడిపోయింది. మీటరుకు 5 వోల్టులంటే మన దేశం టవర్లకు పెట్టిన పరిమితిలో ఏడో వంతు శక్తి. కాబట్టి ఈ ఫలితాన్ని విన్నవాళ్లు ఉలిక్కిపడడం సహజమే. కానీ ఒక బృందం చూసినది మరో చోట, మరో చేతుల్లో, కళ్లకు గంతలు కట్టుకున్నంత నిష్పాక్షికంగా మళ్లీ కనిపించాలి. మొక్క ఆకు మనిషి మెదడూ ఒకటి కాదు. ఆకు పలచన, దానికి పుర్రె లేదు, ప్రసరించే రక్తమూ లేదు.

ఫిన్లాండ్‌లో 2008లో వచ్చిన ప్రయోగం మనిషి చర్మం మీద చేసినది. పది మంది మహిళల చేతి మీద గంటసేపు 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ప్రసరింపజేసి, చిన్న చర్మపు ముక్కలు తీసి ప్రోటీన్లను లెక్కించారు. సుమారు 580 ప్రోటీన్లలో 8 మారినట్టు కనిపించాయి. వార్తల్లో ‘మనిషి చర్మంలో మార్పు’ అని వచ్చింది. ఇక్కడ గణాంకాల ఉచ్చు ఒకటి ఉంది. నూటికి ఐదుసార్లు యాదృచ్ఛికంగా తప్పు రావచ్చునన్న కొలతతో 580 ప్రోటీన్లను పరీక్షిస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా 29 మారినట్టు కనిపించే వీలుంది. 20 వేల జన్యువులను ఒకేసారి పరీక్షించే చిప్పుల్లో అయితే ఆ సంఖ్య వెయ్యికి చేరుతుంది. ‘ఫోను వల్ల ఇన్ని వందల జన్యువులు మారాయి’ అని పంచుకునే వార్తలో పాఠకుడు మొదట వెతకవలసింది ఈ దిద్దుబాటు చేశారా లేదా అన్నది. ఆ తర్వాత వెతకవలసింది, మారాయన్న జన్యువులను మరో పద్ధతిలో విడివిడిగా కొలిచి ధ్రువీకరించారా అన్నది. చాలా ఫలితాలు ఈ రెండో గడప దగ్గరే ఆగిపోయాయి.

ఇంకొక పొరపాటు మరింత లోతైనది. జన్యు వ్యక్తీకరణ, అంటే జన్యువు పని చేసే తీరు, మారితే హాని జరిగినట్టే అనుకోవడం. పొద్దున పఖాళా అన్నం తింటే జన్యువుల పని మారుతుంది, ఎండలో నడిస్తే మారుతుంది, నిద్ర తక్కువైతే మారుతుంది, సంధ్య వేళకు శరీర గడియారం చెప్పినట్టు మళ్లీ మారుతుంది. తూములు ఎత్తడం, దించడం బతుకు లక్షణం. హాని అనాలంటే ఆ మార్పు నిలకడగా ఉండాలి, జబ్బుకు దారి తీసే వరుసలో ఉండాలి.

అమెరికాలో 2011లో 47 మంది మీద జరిగిన ప్రయోగంలో, 50 నిమిషాల కాల్ తర్వాత యాంటెనాకు దగ్గరున్న మెదడు భాగంలో గ్లూకోజు వాడకం 7 శాతం పెరిగింది. అది ప్రభావమే. హానియా కాదా అన్నది ఆ ప్రయోగం చెప్పలేదు, చెప్పినట్టు నటించనూ లేదు.

జబ్బు దగ్గరికి వస్తే చిత్రం కొంత స్పష్టం. 13 దేశాల ఇంటర్‌ఫోన్ అధ్యయనం 2010లో వెలువడింది. మొత్తం 1640 గంటలకు పైగా మాట్లాడినవారిలో గ్లయోమా అనే మెదడు కణితి అవకాశం 40 శాతం ఎక్కువగా కనిపించింది. పదేళ్లకు పంచితే అది రోజుకు అరగంట. అంతకన్నా తక్కువ వాడినవారిలో మాత్రం, వాడనివారికన్నా కూడా అవకాశం తక్కువగా తేలింది. జ్ఞాపకం మీద ఆధారపడ్డ లెక్కల్లో ఇలాంటి వంకరలు వస్తాయి. ఇలాంటి అధ్యయనాల ఆధారంగానే 2011 మే 31న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బి వర్గంలో, అంటే ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న జాబితాలో చేర్చింది. 2018లో అమెరికా ప్రభుత్వ పరిశోధనలో రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లు ఒళ్లంతా తరంగాలు సోకిన మగ ఎలుకల గుండెలో అరుదైన కణితులు కనిపించాయి. వింతేమిటంటే ఆ ఎలుకలు తరంగాలు సోకని ఎలుకల కన్నా ఎక్కువ కాలం బతికాయి. ఆ తర్వాత వచ్చిన పెద్ద మానవ అధ్యయనాలు, 7.7 లక్షల మంది బ్రిటన్ మహిళల మీద 2022లో వెలువడినది సహా, మెదడు కణితులు పెరిగినట్టు చూపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరి చేయించిన 2024 సమీక్ష కూడా అదే నిర్ధారణకు వచ్చింది.

ఇన్నేళ్ల పని చూశాక నిజాయితీగా అనగలిగింది ఇది. పరిమితుల లోపలి తరంగాలు మనుషుల జన్యు నియంత్రణను హానికరంగా మారుస్తాయనడానికి నిలబడే రుజువు లేదు. ఏదైనా జాగ్రత్త పడదలచుకుంటే అది చెవి దగ్గర పడే మోతాదు గురించి పడాలి. సరిహద్దు కొండల సంగతి ముఖ్యమయ్యేది ఇక్కడే.

టవరు భయాన్ని అంకెల్లో పెడదాం. ఒక ట్రాన్స్‌మిటర్ 20 వాట్లు పంపితే, యాంటెనా దాన్ని ఒక దిక్కుకు కేంద్రీకరించి వెయ్యి వాట్లంత ప్రభావం చూపుతుందనుకుందాం. ఆ దిక్కులోనే, 100 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి మీద చదరపు మీటరుకు పడేది 0.008 వాట్లు. మన దేశంలో 2012 సెప్టెంబరులో పరిమితులను అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించారు. 1800 మెగాహెర్ట్జ్‌కు అది 0.9 వాట్లు. ఆ వంద మీటర్ల దగ్గర పడేది ఆ పరిమితిలో నూరో వంతు కన్నా తక్కువ. టవరు సరిగ్గా కింద ఉన్న ఇంటిపై ఇంకా తక్కువ పడుతుంది, ఎందుకంటే యాంటెనా కిందికి చూడదు, ఎదురుగా చూస్తుంది. చెవికి ఆనించిన ఫోనుకూ మెదడుకూ మధ్య దూరం మాత్రం సెంటీమీటర్లే.

ఆ ఫోను ఎంత గట్టిగా ‘అరవాలో’ నిర్ణయించేది టవరు దూరం. పాత 2జీ ఫోను 900 మెగాహెర్ట్జ్ మీద గరిష్ఠంగా 2 వాట్ల దాకా వదలగలదు, తన వంతు సమయంలో మాత్రమే పంపుతుంది కనుక సగటు పావు వాటు. టవరు దగ్గరుంటే తన శక్తిని వందల రెట్లు తగ్గించుకుంటుంది. టవరు కొండ అవతల ఉంటే పూర్తి శక్తితో అరుస్తుంది. స్వీడన్‌లో 2004 నాటి కొలతల్లో పల్లెల్లో 2జీ ఫోనులు సగం సమయం గరిష్ఠ శక్తి మీదే పని చేశాయి. నగరంలో అది పావు వంతు సమయం. 3జీ రాకతో ఇది బాగా మారింది. ఆ ఫోనుల సగటు శక్తి గరిష్ఠంలో ఒక శాతం లోపే ఉన్నట్టు తర్వాతి కొలతలు చూపాయి. ఇప్పటి 4జీ కాల్స్ కూడా 2జీ కన్నా చాలా పొదుపు. అంటే మోతాదు ఎక్కువగా పడేది సిగ్నలు అందక ఫోను 2జీకి జారే చోట.

అలాంటి చోట్లు మన మ్యాపులో ఎక్కడున్నాయో చెప్పడానికి పరికరాలు అక్కరలేదు. గుణుపూర్ దాటాక సవర పల్లెలు. కొరాపుట్ ఘాటు మలుపులు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయగడకు వెళ్లే రైలు, కొత్తవలస నుంచి అరకు మీదుగా కొరాపుట్ ఎక్కే రైలు. ఇనుప పెట్టె లోపల, సొరంగానికీ సొరంగానికీ మధ్య దొరికిన నిమిషంలో ఫోను తన శక్తినంతా ఖర్చు పెడుతుంది. మల్కన్‌గిరిలో బలిమెల జలాశయం అవతల చిక్కుకున్న పల్లెలకు 2018 జులైలో గురుప్రియ వంతెన వచ్చేదాకా రోడ్డే లేదు. ఇక పాతపట్నం, పర్లాకిమిడి మధ్య సరిహద్దు దగ్గర ఫోను ఒకసారి ఆంధ్రా సర్కిలు టవరును, ఇంకోసారి ఒడిశా సర్కిలు టవరును పట్టుకుంటుంది. దగ్గరున్నది ఏదో అదే పట్టుకుంటే మంచిదే. వెళ్తూ వెళ్తూ దూరపు టవరుకు వేలాడితే మాత్రం ఫోను గొంతు పెంచక తప్పదు.

కాబట్టి తరంగాల గురించి నిజంగా కలవరపడేవారు అడగవలసింది టవరు వద్దని కాదు, దగ్గరలో, తక్కువ శక్తితో పని చేసే టవరు కావాలని. కేంద్రం 2021 నవంబరులో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర సహా ఐదు రాష్ట్రాల్లోని 44 వెనకబడ్డ జిల్లాల్లో సిగ్నలు లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. 2022 జులైలో దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలకు మరో పథకం వచ్చింది. ఈ పథకాల గురించి చదువు, వైద్యం, బ్యాంకు పనుల కోణంలోనే మాట్లాడతారు. చెవి మీద పడే మోతాదును తగ్గించే పథకం కూడా ఇదేనని ఎవరూ చెప్పరు. చెప్పాలి.

చెప్పడం అంటే జనం భాషలో చెప్పడం. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పోరాడారు. ఆ ఊరి చుట్టూ ఉన్న పల్లెల్లో ఈ రోజు ఫోను పెట్టె తెరిస్తే ఎస్‌ఏఆర్ విలువ ఆంగ్లంలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. తెలుగులో లేదు, ఒడియాలో లేదు, సవరలో ఎలాగూ లేదు. ఫోనులో నక్షత్రం, హ్యాష్, 07, మళ్లీ హ్యాష్ నొక్కితే ఆ విలువ తెర మీద కనిపిస్తుందని దుకాణదారు కూడా చెప్పడు. ఇంటి దగ్గరి టవరు పరిమితుల్లో ఉందో లేదో చూసుకోవడానికి టెలికాం శాఖ 2017లో ‘తరంగ్ సంచార్’ పోర్టల్ ప్రారంభించింది. టవరు మీద గొడవపడే వీధుల్లో ఆ పేరు విన్నవారు తక్కువ. భయం నోటి మాటగా ఊరంతా తిరుగుతుంది, కొలత మాత్రం కాగితంలోనే ఉండిపోతుంది. ఇది బాధాకరం.

జన్యువుల పనిని ఫోను నిస్సందేహంగా కదిలించే దారి ఒకటి ఉంది, దానికీ రేడియో తరంగాలకూ సంబంధం లేదు. రాత్రి తెర నుంచి వచ్చే నీలికాంతి కంటిలోని ప్రత్యేక కణాలను తాకి, నిద్ర తెప్పించే హార్మోను అయిన మెలటోనిన్‌ను అణచివేస్తుంది, శరీర గడియారాన్ని నడిపే జన్యువులను వెనక్కి జరుపుతుంది. సిగ్నలు లేని ఊళ్లో కూడా, ముందే దించుకున్న సినిమా చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకున్న పిల్లవాడికి ఇది జరుగుతుంది.

ఇక ఆ చింతచెట్టు కిందికి తిరిగి వస్తే, అక్కడ చేయగలిగింది చిన్నదే. గీత ఒక్కటే ఉన్నప్పుడు ఫోను చెవికి అదమకుండా స్పీకరు పెట్టి చేతిలో పట్టుకోవచ్చు, వైరున్న ఇయర్‌ఫోన్ వాడవచ్చు. యాంటెనా నుంచి తల పదిహేను, ఇరవై సెంటీమీటర్లు జరిగినా తలలోకి వెళ్లే శక్తి ఎన్నో రెట్లు పడిపోతుంది. కాల్ కలుస్తున్నంతసేపు ఫోను గట్టిగా వెతుకుతుంది, కలిశాకే చెవి దగ్గరికి తీసుకోవచ్చు. సూరత్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడే తల్లి రోజూ అరగంట మాట్లాడుతుంది, ఆ అరగంట ఆమెకు కావాలి. ఆ అరగంటలో ఫోను చెవికి ఎంత దూరంలో ఉంటుందో ఆమె చేతిలో ఉంది. ఊరి మిట్ట మీద 4జీ టవరు ఎప్పుడు లేస్తుందో ఆమె చేతిలో లేదు.